నాయనతో పెన్న పుట్టిన చోటికి

రోహిణి కార్తె ముందు మా నాయన నెల్లూరు ఎండలు తట్టుకోలేక బెంగళూరులో మా ఇంటికి వస్తాడు, ఏటా ఇదే వరస. వచ్చిన రెండో రోజు పొద్దున్నే బాల్కనీలో కూర్చుని "మే నెలలో దుప్పటి కప్పుకోవడం ఏందమ్మా" అంటాడు. ఈ చల్లదనం ఎత్తు వల్ల వచ్చిందే. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, మన నెల్లూరు 20 మీటర్లు కూడా ఉండదు. ఈసారి ఆ మాటల్లోనే, మన పెన్న పుట్టేది ఇక్కడికి 60 కిలోమీటర్లలోనే అని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. యాభై ఏళ్లు పెన్న కాలువ కింద వరి పండించిన మనిషి, ఆ నది మొదలు ఒక్కసారీ చూడలేదు. శనివారం తెల్లవారుజామున నాలుగింటికి కారు తీశాం.

నంది కొండ మీద అంతా మంచు, పదడుగుల అవతల మనిషి కనిపించడు. ఏడు దాటాక మెల్లగా విడిపోతే చుట్టూ ఉన్న కొండలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అందులో చెన్నకేశవ కొండ వైపు చూపించి, పెన్న అక్కడే పుడుతుందని చెప్పాను. అంతా బండరాయే. మంచు కరిగి నీళ్లొచ్చే హిమాలయాలు కావు ఇవి, వాన పడితే పారుతుంది, లేకపోతే లేదు. "ఏందమ్మా, పెన్నంటే ఇంతేనా?" అన్నాడు. గొంతులో నిరాశ లేదు, చిన్నబిడ్డను చూసినట్టు చూస్తున్నాడు.

ఆ కొండ మీద నిలబడితే నాకు పెంకుటింటి కొప్పు గుర్తొచ్చింది. కొప్పు మీద పడిన చినుకు ఇటు జారితే ఇటు చూరు, అటు జారితే అటు చూరు. ఈ కొండల్లో పడిన వాన కూడా అంతే. ఒక వాలున పడితే ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, హిందూపురం, తాడిపత్రి, గండికోట మీదుగా 597 కిలోమీటర్లు తిరిగి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. ఇంకో వాలున పడితే దక్షిణ పినాకిని అయి తమిళనాడు దాటి కడలూరు దగ్గర తేలుతుంది. మరో పక్క అర్కావతి, అది కావేరిలోకి. చిత్రావతి, పాపఘ్ని కూడా ఈ చుట్టుపక్కల పుట్టినవే, కానీ అవి వేరే దారుల్లో తిరిగొచ్చి చివరికి పెన్నలోనే కలుస్తాయి. నాయన ఇదంతా రెండుసార్లు చెప్పించుకున్నాడు.

నిజానికి దక్షిణాది అంతా ఇలాంటి కప్పే, తూర్పుకి వాలిన కప్పు. కృష్ణ పుట్టే మహాబలేశ్వరం నుంచి అరేబియా సముద్రం 64 కిలోమీటర్లే, అయినా అది 1,400 కిలోమీటర్లు నడిచి మన వైపు వస్తుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమలకు తగిలి అక్కడే చాలావరకు కురిసిపోతాయి. అవతల ఉన్న అనంతపురానికి మిగిలేది తక్కువ, ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. మన నెల్లూరుకేమో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వానలే దిక్కు. అందుకే ఒకే నది ఒడ్డున ఉన్నా, అనంతపురం రైతు వేరుశనగ నమ్ముకుంటే నెల్లూరు రైతు మొలగొలుకుల వరి పండించాడు.

కొండ దిగి గౌరిబిదనూరు వైపు వెళ్లాం, నాయనకి ఏరు చూడాలని పట్టుదల. వంతెన పక్కన కారు ఆపి దిగితే నీటి చుక్క లేదు, సర్కారు తుమ్మ మాత్రం ఏపుగా పెరిగి ఉంది. అక్కడ గొర్రెలు మేపుతున్న ఒక పెద్దాయన తెలుగులోనే పలకరించాడు (ఈ జిల్లాలో చాలా ఊళ్లలో తెలుగే మాట్లాడతారు). చిన్నప్పుడు ఏట్లో చెలమ తీసి నీళ్లు తాగేవాళ్లమని, ఇప్పుడు వెయ్యడుగులు బోరు వేసినా నమ్మకం లేదని చెప్పాడు. బండరాతి నేలలో నీళ్లు నిలిచేది పగుళ్లలోనే కదా, అవి ఎండితే ఇంకేముంది. ఈ ప్రాంతాన్ని వందల ఏళ్లు బతికించింది చెరువులే. ఇప్పుడు బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి చిక్కబళ్ళాపూర్, కోలారు జిల్లాల చెరువులకు పంపు చేస్తున్నారు. చెరువులు నిండుతున్నాయి గానీ ఆ నీటిని ఇంకో దశ శుద్ధి చేయాలని రైతులు అడుగుతూనే ఉన్నారు, అది న్యాయమైన కోరికే అనిపిస్తుంది నాకు.

నాయన ఇసుక కోసం వెతికినట్టు చెప్పుతో నేల గీకుతూ "మరి మనకి వరద ఎక్కడి నుంచి వస్తాదమ్మా?" అన్నాడు. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన వరద ఆయన కళ్లతో చూశాడు. ఆ నీళ్లు ఈ కొండవి కాదు, కింద కడప జిల్లాలో చెయ్యేరు లాంటి ఉపనదులు పొంగి వచ్చినవి. పెన్న మీదున్న సోమశిల జలాశయంలోకి శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు కూడా వస్తాయని ఆయనే నాకు చెప్పాడు. అంటే మా పొలంలో వరికి మహాబలేశ్వరం వాన కూడా తగిలిందన్నమాట.

తిరుగు దారిలో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ట్యాంకర్ అడ్డంగా ఉంది, పావుగంట ఆగాం. మీ కొళాయిలో వచ్చేవి ఎక్కడి నీళ్లు అని అడిగాడు. కొంత బోరు, కొంత ట్యాంకర్, కొంత కావేరి. కావేరి నీళ్లు 100 కిలోమీటర్ల అవతల తొరెకాడనహళ్లి నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకి పంపులతో ఎక్కిస్తారు. ఊరు కొప్పు మీద కట్టుకుంటే చల్లగా ఉంటుంది, నీళ్లు మాత్రం కింద నుంచి మోసుకోవాలి. 2024 మార్చిలో బోర్లు ఎండినప్పుడు రోజూ ట్యాంకర్ టెన్షనే. ఆ సంగతి అప్పట్లో ఇంటికి ఫోన్‌లో చెప్పలేదు, ఇప్పుడు చెప్పాను.

ఆ రాత్రి ఉరుములతో పెద్ద వాన పడింది. నాయన నిద్రపోకుండా బాల్కనీ తలుపు తీసుకుని నిలబడి, మారతహళ్లి రోడ్డు మీద పారుతున్న నీళ్లు ఏ వైపుకి పోతాయని అడిగాడు. వర్తూరు చెరువుకి, అక్కడి నుంచి దక్షిణ పినాకినికి అని చెప్పాను.

"అయితే కడలూరుకి పోతాయి. మనకి రావు" అని తలుపు వేసి వెళ్లి పడుకున్నాడు.