పై గాలి కోసం కోనసీమలో

వానలు కాస్త తెరిపిచ్చిన భాద్రపదంలో అమలాపురం వెళ్లాను. అక్కడ కాలేజీ పిల్లలు వాతావరణ పరిశోధన బెలూన్ ఎగరేస్తున్నారని తెలిసింది. రావులపాలెం దగ్గర గోదావరి ఎర్రనీళ్లతో నిండుగా పారుతోంది.

తెల్లవారుజామున మైదానానికి చేరేసరికి ఆకాశం తేటగా ఉంది. కొబ్బరాకు కూడా కదలడం లేదు. అయినా హీలియం సిలిండర్ మూత తియ్యలేదు. పక్క చేలోని రైతు గట్టు మీదకొచ్చి, "ఇంత బాగుంటే ఇంకా ఆగుతారేంటండీ?" అన్నాడు. నా సందేహమూ అదే.

మాస్టారు ల్యాప్‌టాప్‌లో మ్యాపు చూపించారు. ఈ కాలంలో కింద ఆరేడు కిలోమీటర్ల దాకా పడమటి గాలి, ఆపైన తూర్పు గాలి. 15 కిలోమీటర్ల దగ్గర అది మరీ జోరు. అంటే బెలూన్ ముందు యానాం వైపు పోయి, పైకెక్కాక వెనక్కి మళ్లుతుంది. కింది గాలి పెరిగితే అటు సముద్రం. పై గాలి తగ్గితే ఇటు భీమవరం చుట్టూ చేపల చెరువులు. కెమెరా, కొలతలన్నీ ఉన్న థర్మకోల్ పెట్టె తాడేపల్లిగూడెం దాటి మెట్టలో పడితేనే చేతికొస్తుంది. ఆ రోజు లెక్క చెరువుల్లోకే చూపించింది.

"రేపు చూద్దాం" అన్నారాయన. పిల్లల మొహాలు వాడిపోయాయి. అనుమతుల కోసం తిరిగింది వాళ్లే, ఇంటికి ఫోన్ చేసి చెప్పుకున్నదీ వాళ్లే. అంతమంది ఆశగా చూస్తుంటే వద్దని చెప్పగలగడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

తర్వాత మబ్బు, ఆ తర్వాత అల్పపీడనం, వాన. రోజూ తెల్లారకముందే లేవడం, టీ తాగడం, మ్యాపు చూడడం. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు ఎగరేసే పెద్ద పాలిథిన్ బెలూన్లకూ ఇలాగే గాలి కలిసిరావాలని మాస్టారు చెప్పారు.

చివరికి ఒక ఉదయం లెక్క కుదిరింది. చేతి జిడ్డు తగిలితే రబ్బరు పాడవుతుందని అందరూ గ్లవ్స్ వేసుకున్నారు. హీలియం నిండి మనిషెత్తు దాటిన బెలూన్‌ని వదలగానే నిట్టనిలువునా లేచింది. 30 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి నేల మీదున్నదాంట్లో నూరో వంతే. అక్కడ అది ఉబ్బి ఉబ్బి పగలాలి, పెట్టె పారాచూట్‌తో దిగాలి.

మ్యాపులో చుక్క తూర్పుకే పోతోంది. ఎవరూ మాట్లాడలేదు. గౌతమి పాయ దాటబోతూ ఆగినట్టయి, మెల్లగా పడమరకు తిరిగింది. ఒక్కసారిగా కేకలు! పిల్లలు పరుగున బొలెరో ఎక్కారు. నేనూ ఎక్కాను.