పైరాడ్స్ 5 అంటే ఐదో స్టేజీ కాదు

నాకు ప్రోస్టేట్ (మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ అని తెలిశాక ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ అడిగింది ఒకటే, "ఎన్నో స్టేజీ?" అని. ఆ జవాబు ఒక్క రక్తపరీక్షతో రాదు, బయాప్సీతో, అంటే సూదితో చిన్న ముక్కలు తీసి చేసే పరీక్షతో కూడా పూర్తిగా రాదు. నా విషయంలో అది చాలావరకు ఎమ్మారైలోనే దొరికింది. పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) రిపోర్టు చేతిలో పట్టుకుని టెన్షన్ పడుతున్నవాళ్లకి పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది ఖమ్మం. ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యాను, వయసు 64. మూత్రం దగ్గర నాకు ఏ ఇబ్బందీ లేదు, మంట లేదు, రాత్రిళ్లు పదే పదే లేవడమూ లేదు. బీపీ కోసం మామూలుగా చేయించే పరీక్షల్లో డాక్టరుగారు పీఎస్ఏ కూడా రాస్తే 11.2 వచ్చింది. 4 లోపు ఉండాలని ఆ కాగితం మీదే ఉంది. ఇన్ఫెక్షన్ ఉన్నా, వయసుతో గ్రంథి పెద్దదైనా అది పెరుగుతుందని కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించారు. తగ్గలేదు. యూరాలజిస్టు వేలితో పరీక్షించి, కుడిపక్క గట్టిగా తగులుతోందన్నారు.

వెంటనే బయాప్సీ చేయించేయమని బంధువులంతా తొందరపెట్టారు గానీ, హైదరాబాద్‌లో చూసిన డాక్టరుగారు మాత్రం "ముందు ఎమ్మారై, తర్వాతే సూది" అన్నారు. ఎందుకంటే సూది గుచ్చాక గ్రంథిలో రక్తం చేరి వారాల తరబడి ఉండిపోతుందట, అప్పుడు ఎమ్మారై తీస్తే ఏది రక్తమో ఏది గడ్డో తేల్చడం కష్టం, అంచులైతే అసలే తెలియవు. పైగా అనుమానం ఎక్కడుందో ముందే తెలిస్తే సరిగ్గా అక్కడే గుచ్చవచ్చు. 2018లో ప్రెసిషన్ అనే అధ్యయనం వచ్చింది, 11 దేశాల్లో 500 మంది మీద చేశారు. ముందు ఎమ్మారై తీసినవాళ్లలో 38 శాతం మందికి పట్టించుకోవాల్సిన రకం క్యాన్సర్ బయటపడితే, నేరుగా బయాప్సీకి వెళ్లినవాళ్లలో 26 శాతం మందికే బయటపడింది. మా అమ్మాయి ఇది చదివి వినిపించాక నాకు ధైర్యం వచ్చింది.

స్కాన్ రోజు కొన్ని గంటలు ఏమీ తినొద్దన్నారు. నరంలోకి మందు ఎక్కిస్తారు కాబట్టి కిడ్నీలు ఎలా ఉన్నాయో క్రియాటినిన్ చూశారు. ఉంగరం, వాచీ, మొలతాడుకున్న వెండి బిళ్ల కూడా తీయించారు. పేగులు కదలకుండా ఒక ఇంజక్షన్ ఇచ్చారు, కదిలితే ఫోటోలు చెదురుతాయట. లోపల మోత విపరీతంగా ఉంటుంది, చెవులకి రక్షణ పెట్టినా వినిపిస్తూనే ఉంటుంది. ఇరుకు భయం ఉన్నవాళ్లు ముందే చెప్పండి, చేతికి ఒక బెల్లు ఇస్తారు, నొక్కితే ఆపుతారు.

రిపోర్టులో "పైరాడ్స్ 5" అని చూసి మా బావమరిది "ఐదో స్టేజీయా బావా" అని అక్కడే ఏడ్చేశాడు. ఇది చాలామందిని భయపెట్టేస్తుంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను, పైరాడ్స్ స్టేజీ కాదు. ఆ మచ్చ ప్రమాదకరమైన క్యాన్సర్ అయ్యే అవకాశం ఎంత అన్నదానికి 1 నుంచి 5 వరకు వేసే మార్కు, అంతే. ఎమ్మారైలో మామూలు కణజాలం ఒకలా, క్యాన్సర్ ఉన్నచోటు ఒకలా కనిపిస్తుంది. ఒక రకం ఫోటోల్లో గ్రంథి వెనకభాగం తెల్లగా మెరుస్తుంటే గడ్డ నల్లగా ఉంటుంది, ఇంకో రకం ఫోటోల్లో నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో చూస్తారు, కణాలు కిక్కిరిసినచోట ఆ కదలిక తగ్గిపోతుంది. నాది 1.8 సెంటీమీటర్ల మచ్చ.

స్టేజీ వేరే లెక్క. గడ్డ గ్రంథి లోపలే ఉంటే టీ2. చుట్టూ ఉన్న పొర దాటితే టీ3ఎ, వీర్యకోశాల్లోకి పాకితే టీ3బి, మూత్రాశయం, పురీషనాళం లాంటి పక్క అవయవాల్లోకి వెళ్తే టీ4. బత్తాయి తొనకే మచ్చ ఉందా, తొక్కని కూడా తినేసిందా అన్నట్టు చూడాలి.

నా మొదటి రిపోర్టు రెండు ముక్కల్లో టీ2 అని తేల్చేసింది. డాక్టరుగారు ఆ కాగితంతో సరిపెట్టుకోలేదు, సీడీ తెమ్మని, ప్రోస్టేట్ ఎమ్మారైలే ఎక్కువగా చూసే రేడియాలజిస్టుతో కూర్చుని మళ్లీ చూశారు. గడ్డ చాలా పొడవున అంచుకి ఆనుకుని ఉందని, అక్కడ అంచు ఎగుడుదిగుడుగా ఉబ్బిందని, పురీషనాళానికీ గ్రంథికీ మధ్య కోణం కుడివైపు మూసుకుపోయిందని తెర మీద నాకే చూపించారు. టీ3ఎ అనుమానం అన్నారు. పొర దాటిన క్యాన్సర్లలో సగానికి కాస్త పైగానే ఎమ్మారైకి చిక్కుతాయి, సూక్ష్మంగా దాటినవి కనపడవు. కానీ దాటినట్టు కనిపిస్తే చాలావరకు నిజమే అవుతుందని కూడా చెప్పారు. నా మటుకు నాకు ఆ రెండో చూపే చికిత్సని మార్చింది. సీడీ తప్పకుండా దాచుకోండి, రెండో అభిప్రాయానికి వెళ్తే ముందు అదే అడుగుతారు.

బయాప్సీలో గ్లీసన్, అంటే క్యాన్సర్ కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పే మార్కు, 4+3 వచ్చింది. ఎముకలకీ లింఫ్ గ్రంథులకీ పాకిందేమో చూడటానికి పీఎస్ఎంఏ పెట్ అనే స్కాన్ తీశారు, ఎక్కడా కనపడలేదు. ఆ రిపోర్టు వచ్చేదాకా మాత్రం ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

రేడియేషన్, దానితోపాటు హార్మోన్ ఇంజక్షన్లు ఒక దారి, ఆపరేషన్ ఒక దారి అన్నారు. రెండూ విన్నాక నేను ఆపరేషన్ ఎంచుకున్నాను. గ్రంథికి రెండు పక్కలా అంగస్తంభనకి సంబంధించిన నరాల కట్టలుంటాయి. మామూలుగా వాటిని కాపాడాలని చూస్తారు. "కుడివైపు కాపాడబోతే క్యాన్సర్ మిగిలిపోవచ్చు సార్, ఎడమవైపుది ఉంచుతాను" అన్నారు డాక్టరుగారు. నేను నోరు తెరవలేకపోయాను. మా ఆవిడే అడిగింది, "ఒకవైపుది ఉంటే సరిపోతుందాండీ?" అని. కొంతవరకు ఉంటుంది, హామీ మాత్రం ఇవ్వలేనన్నారు. అంత సూటిగా అడిగినందుకు ఆవిడకి నేను రుణపడి ఉన్నాను.

రోబో సాయంతో ఆపరేషన్ చేశారు. ల్యాబ్ రిపోర్టులో పొర కుడివైపు నిజంగానే దాటిందని వచ్చింది, అంటే టీ3ఎనే. కానీ కోసిన అంచుల్లో క్యాన్సర్ లేదు, వీర్యకోశాలు, లింఫ్ గ్రంథులు శుభ్రం. కుడివైపు నరం ఉంచాలని దగ్గరగా కోసుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

యూరిన్ పైపు తీశాక అసలు కష్టం మొదలైంది. దగ్గినా, కుర్చీలోంచి లేచినా మూత్రం కారిపోయేది. ప్యాడ్లు పెట్టుకునే బయటికి వెళ్లేవాణ్ణి, దగ్గరవాళ్ల పెళ్లికి కూడా వెళ్లలేకపోయాను. ఫిజియోథెరపిస్టు నేర్పిన కీగల్ వ్యాయామం, మూత్రాన్ని ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించి వదలడం, రోజూ చేస్తుంటే నెలలు గడిచేకొద్దీ తగ్గింది. ఇప్పుడు బరువు ఎత్తితే ఎప్పుడైనా ఒక చుక్క. అంగస్తంభన మాత్రల సాయంతో కొంత వచ్చింది, మునుపటిలా లేదు. ఈ మాట మగవాళ్లు ఎవరూ బయటికి చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను.

ఆపరేషన్ తర్వాత పీఎస్ఏ 0.01 కన్నా తక్కువకి పడిపోయింది, అక్కడే ఉంది. పొర దాటింది కాబట్టి పరీక్షలు మానొద్దన్నారు. మళ్లీ పెరుగుతూ 0.2కి చేరేలా ఉంటే రేడియేషన్ మొదలుపెట్టాలి, అది ఆలస్యం చేయకూడదు. వచ్చే పరీక్ష దసరా తర్వాత.