లింక్డ్ లిస్ట్ నడిచింది

మూడు వారాలుగా లింక్డ్ లిస్ట్ దగ్గరే ఆగిపోయాను. ప్రోగ్రామ్‌లో డేటాని గొలుసులా ఒకదానికొకటి తగిలించి దాచుకునే పద్ధతి అది. సీ లాంగ్వేజ్ ల్యాబ్‌లో నోడ్ (ఆ గొలుసులో ఒక లింకు) తీసేసే ప్రోగ్రామ్ ఎన్నిసార్లు రన్ చేసినా 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని ఒక్క లైన్, అంటే ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుందని. తోటివాళ్లు తర్వాతి పాఠం ట్రీల దాకా వెళ్లిపోయారు.

నిన్న రాత్రి తిరుపతి రూములో ల్యాప్‌టాప్ మూసేసి, తెల్లకాగితం మీద పెన్సిల్‌తో నాలుగు డబ్బాలు గీశా. ఒక్కోదాంట్లో ఒక అంకె, తర్వాతి డబ్బాకి ఒక బాణం. రెండో డబ్బాని రబ్బరుతో చెరిపా. దాంతోపాటే దాని బాణమూ పోయింది. ఇక మూడోది ఎక్కడుందో చెప్పేదెవరు? నా కోడ్ చేస్తున్నదీ అదే! ముందు నోడ్‌ని ఫ్రీ చేసేసి (దాని మెమరీ వదిలేసి), ఆ తర్వాత దాన్నే 'నీ నెక్స్ట్ ఎక్కడ' అని అడుగుతున్నా. మొదటిదాని బాణాన్ని మూడోదానికి కలిపాకే రెండోదాన్ని వదలాలి. రెండు లైన్లు అటూఇటూ మార్చా. నడిచింది. నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

అలిపిరి నుంచి కొండకి 3550 మెట్లు. లింక్డ్ లిస్ట్‌లో రెండువేలో మెట్టు కావాలంటే మొదటి మెట్టు నుంచీ ఎక్కాల్సిందే. అదే అర్రే (డేటాని వరసగా పక్కపక్కనే పెట్టే పద్ధతి) అయితే ఇండెక్స్, అంటే వరస నంబరు, చెప్తే నేరుగా అక్కడే నిలబెడుతుంది. కానీ మధ్యలో కొత్త మెట్టు పెట్టాలంటే పైవన్నీ జరపాలి. చిన్నప్పటి నుంచీ ఎక్కిన మెట్లు, ఇప్పుడిలా కనిపిస్తున్నాయి.

చిత్తూరుకి ఫోన్ చేసి అమ్మకి చెప్పా. అంతా ఓపిగ్గా విని, "తిన్నావా నాయనా" అంది.

ఇవాళ డబ్లీ లిస్ట్ మొదలుపెట్టా, ముందుకీ వెనక్కీ రెండు బాణాలుండేది.