చిత్తూరు జిల్లా కోసం 5వ సంపుటం

ఏ పరిశోధనా కేంద్రమైనా "మా సైటులో ఇన్ని లక్షల పేజీలున్నాయి" అంటే నేను పెద్దగా పట్టించుకోను. మా పుత్తూరు వైపు సంగతులు ఎక్కడున్నాయో చూపించమంటాను. కాలేజీ లైబ్రరీలో చేసి రిటైరైనదాన్ని, ఆ మాత్రం పొగరుంటుంది.

మొన్న మా ఆడపడుచు కూతురు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఇక్కడే చెన్నైలో హిస్టరీ ఎం.ఏ. చేస్తోంది, ప్రాజెక్టు మా వైపు కార్వేటినగరం జమీందారీ మీద. తెరిచి చూపించింది షికాగో యూనివర్సిటీలో నడిచే డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ, పాత పుస్తకాలూ నిఘంటువులూ పెట్టిన సైటు. "అత్తా, దీన్ని నమ్మొచ్చా? మా సార్ ఇంటర్నెట్ అంటేనే మొహం చిట్లిస్తారు. పైగా చిత్తూరు జిల్లా అని వెతికితే ఏమీ దొరకట్లేదు."

దొరకదు మరి. ఆ సైటులో పిల్ల చూస్తున్న ఇంపీరియల్ గెజెటీర్, అంటే జిల్లాలూ ఊళ్ళ వివరాలతో బ్రిటిష్ సర్కారు వేయించిన పుస్తకం, 1908 నాటి ముద్రణ. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. మొత్తం 26 సంపుటాలు. మొదటి నాలుగూ దేశం మొత్తం గురించి, 5 నుంచి 24 దాకా జిల్లాలూ ఊళ్ళూ ఇంగ్లీషు అక్షరక్రమంలో, 25 సూచిక, 26 పటాలు. 5వ సంపుటం చివర "ఆర్కాట్, నార్త్" తియ్యమన్నాను. చంద్రగిరి, పలమనేరు అన్నీ ఆ జిల్లాలోవే. మదనపల్లె మాత్రం కడప కింద వెతుక్కోవాలి, అప్పట్లో అది ఆ జిల్లాది.

పేజీలు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు బొమ్మలుగా వస్తాయి. కాపీ కొట్టి అతికించుకుందామంటే కుదరదని పిల్ల మొహం వేలాడేసింది. నాకు నచ్చిందే అది. సంపుటం, పేజీ కళ్ళెదురుగా ఉంటాయి కాబట్టి ఫుట్‌నోట్‌లో పుస్తకాన్నే చూపించొచ్చు. ఇక సార్ ఏమంటారు?

అదే సైటులో నిఘంటువుల దగ్గర ఇంకాస్త ఆగాను. చాలామంది "బ్రౌన్ ఇలా అన్నాడు" అని రాసేస్తుంటారు. అక్కడున్న బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1903 నాటి కూర్పు. బ్రౌన్ తొలి ముద్రణ 1852లో వచ్చింది, ఆయన పోయింది 1884లో. అంటే ఇది ఆయన పోయాక వేరేవాళ్ళు సవరించిన పుస్తకం. ఆ చేతుల్లో వీరేశలింగం గారిదీ ఒకటి. ఏ కూర్పో సైటు దాచకుండా చెబుతుంది. ఊరూ పేరూ లేని పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో తిరిగే ఈ రోజుల్లో అది చిన్న సంగతేం కాదు. మనవాళ్ళ సైట్లు కొన్నింట్లో పుస్తకం పెడతారు గానీ ముద్రణ సంవత్సరమున్న అట్ట మాత్రం స్కాన్ చెయ్యరు, ఏం శాపమో!

అలాగని దాంతోనే ప్రాజెక్టు అయిపోతుందా? గెజెటీర్‌ది సర్కారు చూపు: శిస్తు, వానలు, 1901 సెన్సస్ లెక్కలు. జమీందారీలో రైతు ఏమనుకున్నాడో అందులో వినపడదు. తెలుగులో రాసిన కాగితాలు కావాలంటే మద్రాసులోనే ఉన్నాయి. కంపెనీ కాలపు సర్వేయరు మెకంజీ సేకరించిన కైఫీయతులు (ఊళ్ళ చరిత్రలు), బ్రౌన్ పోగుచేసిన తాళపత్రాలు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి, కోట్టూర్‌పురం అన్నా లైబ్రరీ భవనంలో. జమీందారీ రికార్డులకు ఎగ్మూరు ఆర్కైవ్స్. తరమణిలో రోజా ముత్తయ్య లైబ్రరీ ఉంది, 1994లో అదే షికాగో యూనివర్సిటీ తోడ్పాటుతో మొదలైంది. ఎక్కువ భాగం తమిళమే, అయినా అరవం, తెలుగు కలిసి నడిచిన కార్వేటినగరానికి అక్కడ ఏదో ఒకటి దొరక్కపోదు.

"ఇవన్నీ తిరగాలా అత్తా?" అంది.

ముందు కాలేజీలో లెటర్ రాయించుకోమన్నాను. లెటర్ చేతిలో ఉంటే రికార్డులు అడగడం తేలిక. ఈలోపు 5వ సంపుటంలో ఆ జిల్లా పేజీలు చదివి, ఊళ్ళ పేర్ల పాత స్పెల్లింగులన్నీ ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ఎగ్మూరులో ఫైలు అడిగేటప్పుడు ఆ పేర్లే చెప్పాలి.