ఇన్‌పుట్ కెపాసిటర్ ఎక్కడ పెట్టాలి?

పీసీబీ (ఎలక్ట్రానిక్ భాగాల్ని అమర్చే సర్క్యూట్ బోర్డు) డిజైన్ నాకెవరూ నేర్పలేదు. ఆఫీసులో ఈ పని తెలిసినవాళ్లే లేరు. చిప్ కంపెనీలిచ్చే డేటాషీట్లు, ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన అప్లికేషన్ నోట్లు, అంతే.

మొదటి బోర్డులో 12 వోల్టుల్ని 5 వోల్టులకి దించే బక్ కన్వర్టర్ పెట్టాను. సర్క్యూట్ డేటాషీట్‌లో ఉన్నట్టే గీశాను, ఒక్క విలువ కూడా మార్చలేదు. అయినా పవర్ ఇవ్వగానే పక్కనున్న సెన్సర్ రీడింగులు పిచ్చెక్కినట్టు ఊగిపోయాయి. మూడు వారాలు ప్రోగ్రామ్‌లో తప్పు వెతికాను. (ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం నిద్ర లేదు.)

చోటు సరిపోలేదని ఇన్‌పుట్ కెపాసిటర్‌ని (కన్వర్టర్‌లోకి వచ్చేచోట ఛార్జ్ నిల్వ ఉంచేది) కన్వర్టర్ చిప్‌కి, అంటే ఐసీకి, రెండు సెంటీమీటర్ల అవతల పెట్టేశాను. అదీ అసలు సంగతి. ఐసీ లోపలి స్విచ్ ఆన్, ఆఫ్ అయిన ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా మారేది ఈ రెండింటి మధ్య దారిలోనే. దారి పొడవయ్యేకొద్దీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం) పెరుగుతుంది, వోల్టేజీ ఎగిరెగిరి పడుతుంది. సర్క్యూట్ బొమ్మలో అదొక చిన్న గీత. పొడవెంతో అక్కడ కనబడదు.

ఇంకో తమాషా. ఆసిలోస్కోపులో (వోల్టేజీని గీతగా చూపే పరికరం) నేను చూసి హడలిపోయిన నాయిస్‌లో సగం బోర్డుది కానే కాదు, దాని ప్రోబ్‌కి (బోర్డుకి ఆనించి కొలిచే కడ్డీకి) వేలాడే పొడవాటి గ్రౌండ్ వైరుది! దాని బదులు పొట్టి స్ప్రింగు తగిలిస్తే ఆ సగం మాయమైంది. తెలిసినవాళ్లు పక్కనుంటే "ముందు ఆ గ్రౌండ్ వైరు క్లిప్పు తీసెయ్" అని ఒక్క మాటలో తేల్చేసేవారు.

రెండో బోర్డులో కెపాసిటర్‌ని ఐసీ పిన్నులకి ఆనించినట్టే పెట్టాను. రీడింగులు కుదురుకున్నాయి. కాకపోతే ఈసారి కనెక్టర్ తిరగేసి పెట్టాను.