పడవ అడుగున మూడు మిల్లీమీటర్లు

నేను కడుతున్న రేసు పడవని బోర్లించి, అడుగున వెనక నాలుగడుగుల మీద అల్యూమినియం పట్టీ ఆనించి, అవతలి వైపు నుంచి టార్చి వేశాను. పట్టీ కింద నుంచి వెలుతురు వచ్చేసింది. రెండు చివర్లూ ఆనుతున్నాయి గానీ మధ్యలో మూడు మిల్లీమీటర్ల గుంట. అక్కడే ప్లైవుడ్ ముక్కల మీద కూలబడ్డాను.

మూడు మిల్లీమీటర్లకి ఇంత ఏడుపా అంటారేమో. రేసు పడవ స్పీడు అందుకున్నాక పైకి లేచి, వెనక కాస్త భాగం మీదే జారుతూ పోతుంది. ఆ కాస్త చోట గుంట ఉంటే, దాన్నే హుక్ అంటారు, నీళ్లు వెనక భాగాన్ని పైకి తోస్తాయి, ముక్కు కిందికి దిగుతుంది, తడిసే భాగం పెరిగి స్పీడు చచ్చిపోతుంది. పోనీ ఉబ్బుగా ఉంటే మేలా అంటే అదీ లేదు, ముక్కు లేస్తూ పడుతూ కప్పలా గెంతుతుంది.

తప్పు నాదే. అడుగు పలకని మోసే అడ్డ చట్రాల్లో ఒకదాన్ని, అంటే ఒక ఫ్రేమ్‌ని, చిత్రికతో రెండు చుట్లు ఎక్కువ తీసేశాను, పైన 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేసి స్క్రూలు బిగిస్తే అది బుద్ధిగా ఆ పల్లంలోకి దిగి కూర్చుంది.

సరే, ఎపాక్సీలో, అంటే రెసిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురులో, మైక్రోబెలూన్ల పొడి (లోపల ఖాళీగా ఉండే అతి చిన్న గోళీలు) కలిపి గుంట పూడ్చాలి. తొందరలో మగ్గు నిండా రెసిన్, హార్డెనర్ కలిపేసి, ఫోన్ వస్తే పక్కన పెట్టాను. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, లోతైన మగ్గులో ఆ వేడికి బయటికి పోయే దారి ఉండదు. తిరిగొచ్చేసరికి మగ్గు మెత్తబడి పొగలు కక్కుతోంది! బయటికి విసిరేశాను. ఇప్పుడు కొంచెం కొంచెం కలిపి, వెడల్పాటి ట్రేలో పలచగా పరుస్తున్నాను.

కెన్ వార్బీ గుర్తొస్తుంటాడు. పెరట్లో చెక్కతో, ఫైబర్‌గ్లాస్‌తో కట్టుకున్న పడవ మీద 1978లో ఆస్ట్రేలియాలో గంటకు 511 కిలోమీటర్లు దాటాడు, నీటి మీద వేగంలో ఆ ప్రపంచ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆయన దగ్గర జెట్ ఇంజన్ ఉందనుకోండి, నాది పడవ వెనక తగిలించే పాత అవుట్‌బోర్డ్ మోటారు.

పొడవాటి బద్దకి శాండ్‌పేపర్ అంటించి మూడు సాయంత్రాలు రుద్దాను. చిన్న ముక్కతో రుద్దితే మళ్లీ గుంటలే పడతాయి. వెనక అంచుని మాత్రం గుండ్రం చేయలేదు, చెయ్యి ఊరుకోదు గానీ అది పదునుగా ఉంటేనే నీళ్లు అక్కడ తెగిపోతాయి, లేకపోతే అంచు చుట్టూ అతుక్కుని వెనక్కి లాగుతాయి.

రాత్రి మళ్లీ టార్చి వేశాను. ఎడమ మూల దగ్గర ఇంకా దారంలా వెలుతురు కనిపిస్తోంది. ఆ మూల రేపు.