పెదనాన్న దురద

మా పెదనాన్నకు కళ్లు పచ్చబడినప్పుడు ఇంటిల్లిపాదీ మామూలు కామెర్లే అనుకుని పసరు మందు కోసం పరుగెత్తాం. ఆ పది రోజుల సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. క్లోమగ్రంథి తలభాగంలో పెరిగిన క్యాన్సర్ గడ్డ పక్కనే ఉన్న పిత్తనాళాన్ని నొక్కివేయడంతో, పేగులోకి దిగవలసిన పైత్యరసం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తోందని స్కాన్ తీశాక తెలిసింది. ఆయనను నిజంగా కుంగదీసింది నొప్పి కాదు, దానివల్ల పుట్టిన దురద. రాత్రంతా గోక్కోవడంతో తెల్లవారేసరికి దుప్పటి మీద నెత్తుటి చారలు కనిపించేవి.

శస్త్రచికిత్సకు వీలులేని దశ కావడంతో ఎండోస్కోపీ ద్వారా నాళంలో స్టెంట్, అంటే దాన్ని తెరిచి ఉంచే సన్నని గొట్టం, అమర్చారు. ప్లాస్టిక్ గొట్టం సాధారణంగా 3 మిల్లీమీటర్ల పైచిలుకు లావు మాత్రమే ఉంటుంది కాబట్టి సుమారు 3 నెలల్లో మడ్డి పేరుకుని పూడుకుపోతుంది. తనంతట తాను విచ్చుకునే లోహపు స్టెంట్ 10 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుని, ఖరీదు ఎక్కువైనా ఎక్కువ కాలం నిలుస్తుంది. మేము రెండోదే ఎంచుకున్నాం. గడ్డ తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ వారం తిరిగేసరికి ఆయన నిద్రపోయారు, పెద్దమ్మను అడిగి మరీ చారన్నం తిన్నారు, కామెర్లకు కారణమయ్యే పచ్చని పదార్థం బిలిరుబిన్ రక్తంలో దిగాక కీమోథెరపీకీ దారి దొరికింది.

ఆపరేషన్ చేయదగిన రోగులందరికీ ముందుగా స్టెంట్ వేయాలని దీని అర్థం కాదు. నెదర్లాండ్స్‌లో 202 మందిపై జరిగి 2010లో ప్రచురితమైన అధ్యయనంలో, ముందు స్టెంట్ వేసినవారిలో 74 శాతం మందికి, నేరుగా ఆపరేషన్ చేసినవారిలో 39 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులు తలెత్తాయి. అయితే అందులో వాడినవి ప్రధానంగా ప్లాస్టిక్ స్టెంట్లే.

చలితో జ్వరం వస్తే నాళం మళ్లీ మూసుకుని చీము పడుతోందేమోనని అదే రోజు ఆసుపత్రికి రమ్మన్నారు. పెద్దమ్మ అప్పటినుంచి థర్మామీటరును దిండు కిందే ఉంచుకునేది.